నాయనమ్మ తోమిన అద్దం

మొన్న శ్రావణంలో కొత్తపేటలో ఉంటున్న మా అక్కను చూడడానికి వెళ్లాను. నేను వెళ్లేసరికి అక్క కూతురు మాధవి వాకిట్లో తన మోటారు సైకిలు ముందు పీట వేసుకుని కూర్చుని ఉంది. మాధవి పశువుల డాక్టరు. చుట్టుపక్కల లంక ఊళ్లలో ఎవరింట గేదె ఈనలేక అవస్థ పడుతున్నా ముందు ఈమెకే ఫోను వస్తుంది. ఇసుక లారీల వెనక, రొయ్యల చెరువుల గట్ల మీద తిరిగి తిరిగి ఆ బండికి ముందు బిగించిన గాలి అద్దం గీతలు పడి మసకబారింది. దాన్ని బాగుచేసే పనిలో ఉంది. తడిపిన మెత్తని గుడ్డను అద్దం మీద పరిచి, అతుక్కుపోయిన పురుగులూ ఎండిన బురదా నానేదాకా ఊరుకుంది. తరవాత పై నుంచి నీళ్లు ధారగా పోసి దుమ్మును జారవిడిచిందే తప్ప చెయ్యి వేసి రుద్దలేదు. ఆరాక ఒక్కొక్క గీతనూ వేలిగోటితో మీటి చూసింది. గోరు తట్టుకున్న చోట వాటర్ పేపరు అనే సన్నని గరుకు కాగితం తడిపి మెల్లగా అరగదీసింది. తట్టుకోని చోట ఫోనులో ఆర్డరిచ్చి తెప్పించుకున్న తెల్లని పేస్టు ఏదో రాసి, పసిబిడ్డ చెంప తుడిచినట్టు తుడవసాగింది. అద్దానికి అంత సుకుమారం దేనికని అడిగాను. "అద్దం కాదు పిన్నీ, ప్లాస్టిక్కు. గట్టిగా రుద్దితే ఉన్న గీతలకి కొత్తవి తోడవుతాయి" అంది.

లోపల కొబ్బరి కోరుతున్న అక్క ఆ మాట విని గుమ్మంలోకి వచ్చింది. "మా నాయనమ్మే ఉంటే ఈపాటికి పీచు పెట్టి తోమేసి బోర్లించేసేది" అంది. వాలుకుర్చీలో పేపరు చదువుకుంటున్న బావగారు పేపరు దించి నవ్వడం మొదలుపెట్టారు. ఆయనకు నవ్వు వస్తే ఒక పట్టాన ఆగదు. మాధవికి ఆ సంగతి తెలియదు. చెప్పమని అడిగితే బావగారు నా వైపు చూపించి, "మీ పిన్ని చెప్పాలమ్మా. అందులో లాభపడింది ఆవిడే" అన్నారు. ఆ పూట నోటికి వచ్చినట్టు చెప్పి నవ్వించాను. ఇంటికి వచ్చిన తరవాత, చెప్పవలసినది అంతకంటే ఎక్కువే ఉందని తోచి ఇది రాస్తున్నాను.

మా ఊరు సఖినేటిపల్లి దాటి అంతర్వేది వైపు వెళ్లే దారిలో ఉంది. ఒక పక్క వసిష్ఠ గోదావరి, ఇంకొక పక్క నుంచి సముద్రపు గాలి. ఆ ఉప్పుగాలికి ఇనుము తుప్పు పట్టేది, ఇత్తడి చిలుమెక్కేది, తలుపు గొళ్లేలు బిగుసుకుపోయేవి. మా నాయనమ్మ జీవితమంతా ఆ గాలితో పోరాడింది. ఆమెకు ఉన్న ఆయుధాలు రెండే: కొబ్బరి పీచు, బూడిద. పొయ్యిలో కాలిన కొబ్బరి మట్టల బూడిదను పాత చీరముక్కలో జల్లించి కుండలో దాచేది. పీచును నీళ్లలో నానవేసి, నలిపి, గుప్పిటకు సరిపడా ముద్దలు చేసి నూతిగట్టు మీద వరసగా ఆరబెట్టేది. తెల్లవారేసరికి నూతి దగ్గర నుంచి గరగరమనే చప్పుడూ, తడి బూడిద వాసనా వచ్చేవి. మా ఇంట్లో పొద్దు పొడవడమంటే నా మట్టుకు అదే. ఇత్తడి బిందెలు, కంచు చెంబులు, రాగి గంగాళం, ఊరగాయ జాడీలు, లాంతరు చిమ్నీలు, ఆఖరికి తాతయ్య చేతికర్ర పొన్ను, ఆమె చేతిలో పడిన వస్తువు మెరవకుండా బయటపడేది కాదు. ఏ ఇంటికి పేరంటానికి వెళ్లినా ముందుగా ఆ ఇంటి గిన్నెల అడుగులు చూసేది. అడుగు నల్లగా ఉంటే ఆ ఇల్లాలి గురించి ఆమె అభిప్రాయం ఇక మారేది కాదు.

ఆ ఏడాది అక్కకు కొత్తగా పెళ్లయింది. నేను రాజోలులో ఇంటర్మీడియట్ పూర్తి చేశాను. మా ఇంట్లో నాకు ముందు కాలేజీ మెట్లెక్కిన వారు లేరు. నాన్నగారు అయిదో తరగతితో ఆపి కొబ్బరితోటలోకీ, వరిచేలోకీ దిగిపోయారు. అక్క ఎనిమిదితో ఆపింది. ఇంటర్మీడియట్ అంటే బస్సులో పొద్దున్న వెళ్లి సాయంత్రం రావచ్చు కాబట్టి నాన్నగారు అభ్యంతరం చెప్పలేదు. డిగ్రీ అంటే అమలాపురంలో హాస్టలులో ఉండాలి. నాకు ఆ చదువు కావాలి. అంతగా ఇంకేదీ ఎన్నడూ కోరుకోలేదు. ఆ మాట నాన్నగారితో చెప్పి నెల దాటింది. ఆయన కాదనే మనిషి కారు. ఆయనకు ఇష్టం లేని ప్రతిదానికీ "చూద్దాం" అనేవారు. గేదెను అమ్ముతారా అని అడిగినా చూద్దామే, కొబ్బరి దింపుకు రమ్మంటారా అని అడిగినా చూద్దామే. ఆ మాట వెనక నుంచి ఔననే మాట వచ్చిన సందర్భాలు మా ఇంట్లో తక్కువ. కాలేజీలో చేరడానికి గడువు ముంచుకొస్తోంది. ఆయన చూస్తూనే ఉన్నారు.

ఆషాఢమాసం కాబట్టి అక్క పుట్టింట్లోనే ఉంది. కొత్త అల్లుడు ఆ నెల అత్తవారి గడప తొక్కకూడదు. మినప్పప్పు రుబ్బుతూ, బియ్యం చెరుగుతూ మేమిద్దరం ఒక ఉపాయం ఆలోచించాం. శ్రావణం రాగానే బావగారు అక్కను తీసుకువెళ్లడానికి వస్తారు. కొత్త అల్లుడు నోరు తెరిచి ఒక మాట అడిగితే కాదనడం మా వైపు ఇళ్లలో లేదు. భోజనమై, కునుకు తీసి, సాయంకాలం కాఫీ తాగే వేళకు నాన్నగారు కూడా తీరికగా ఉంటారు. అప్పుడు బావగారు నా చదువు సంగతి ఎత్తాలి. ఎత్తేలా చేసే పూచీ అక్కది.

శ్రావణం వచ్చింది. గోదావరిలో ఎర్రనీరు దిగింది. బావగారు మోటారు సైకిలు మీద వచ్చారు. ఆయనకు ఎరువుల కంపెనీలో ఉద్యోగం; ఊరూరా తిరగాలి. దుమ్ము పడి కళ్లు ఎర్రబడుతున్నాయని ఆ బండికి కాకినాడ నుంచి గాలి అద్దం తెప్పించి బిగించుకున్నారు. మా ఊళ్లో అలాంటిది అంతవరకూ ఎవరూ చూడలేదు. బండి ఆగీ ఆగకముందే దాని చుట్టూ జనం మూగారు. నాన్నగారు కుశలం అడిగితే రెండు ముక్కల్లో చెప్పిన బావగారు, ఆ అద్దం గురించి అడిగితే మాత్రం గాలి ఎలా పైకి చీలిపోతుందో, వానజల్లు ముఖానికి తగలకుండా ఎలా తప్పుకుంటుందో చేతులు తిప్పుతూ వివరించారు. జేబురుమాలు తీసి దాని మీద పడిన బురదచుక్క తుడిచారు. అది ఆయనకు ఎంత ప్రాణమో చూసిన వారందరికీ అర్థమైంది.

ఆనాటి భోజనం గురించి చెప్పడానికి వేరే అధ్యాయం కావాలి. పనసపొట్టు కూర, పులస పులుసు, ముద్దపప్పు, కొత్తావకాయ, కొబ్బరి లస్కోరా ఉండలు, గడ్డపెరుగు. ఇక చాలునని బావగారు విస్తరి మీద రెండు చేతులూ అడ్డంపెడితే, నాయనమ్మ వేళ్ల సందుల్లోంచి నెయ్యి పోసింది. ఆయన లేచి చెయ్యి కడుక్కుని, మండువాలో వేసిన పట్టెమంచం మీద వాలినవారు మరి కదలలేదు. నాన్నగారు చేలో నీరు చూసి వస్తానని వెళ్లారు. అమ్మా, అక్కా, నేనూ వంటింట్లో భోజనాలకు కూర్చున్నాం. నాయనమ్మ మాత్రం వాకిట్లోకి వెళ్లింది.

అక్కడ ఆమెకు బురదలో మునిగిన బండి కనిపించింది. తరవాత ఆమె చెప్పిన ప్రకారం ఆమెకు వచ్చిన ఆలోచన ఇది: పిల్లనిచ్చిన ఇంటికి వచ్చిన బండి అదే మురికితో వెనక్కి వెళితే, వియ్యాలవారు ఈ ఇంట్లో ఆడవాళ్లు లేరా అనుకోరా? చక్రాలు కడిగింది. బురద రేకులు తోమితే తళతళలాడాయి. ఆ ఉత్సాహంతో అద్దం దగ్గరికి వచ్చింది. దాని మీద ఉప్పుగాలి పొర, పురుగులు, ఎండిన బురద. ఆమె లెక్కలో గాజుకు పీచు ఏమీ చెయ్యదు. జాడీలూ చిమ్నీలూ ఎన్ని తోమలేదు? పీచు ముద్దను బూడిదలో అద్ది, గంగాళం తోమినట్టు నడిమి నుంచి అంచుల దాకా సున్నాలు చుడుతూ తోమింది. బయటి వైపు అయ్యాక లోపలి వైపు. ఆమె సగం పని చేసే మనిషి కాదు.

అక్క చెయ్యి కడుక్కోవడానికి వాకిట్లోకి వెళ్లి, తడిచేత్తోనే నోరు మూసుకుని నిలబడిపోయింది. నేను వెనకే వెళ్లాను. అద్దం చిక్కని మజ్జిగలా ఉంది. అవతల ఉన్న నాయనమ్మ కనిపించడం లేదు. గరగర మాత్రం వినిపిస్తోంది.

"ఏం చేస్తున్నావే నాయనమ్మా?" అంది అక్క.

"ఎంత మురికి పట్టుందో చూడవే. తోమేకొద్దీ తెల్లగా ఊరుకొస్తానే ఉంది. అల్లుడుగారు ఎప్పుడూ కడిగించినట్టు లేరు పాపం" అంది నాయనమ్మ.

అక్క ఆమె చేతిలోంచి పీచు లాగేసుకుని, చెంబుతో నీళ్లు తెచ్చి అద్దం మీద పోసింది. ఆశ్చర్యంగా అద్దం నిర్మలంగా అయిపోయింది. కొబ్బరిచెట్లు కనిపించాయి, ఆకాశం కనిపించింది. చూశారా, వట్టి మురికేనంది నాయనమ్మ. మేము ఊపిరి పీల్చుకున్నాం. వాన వెలిసిన ఎండ చురుక్కుమంటోంది, నీళ్లు ఆరాయి, ఆరిన చోటల్లా తెలుపు తిరిగి వచ్చింది. మళ్లీ నీళ్లు పోశాం. మళ్లీ నిర్మలం. మళ్లీ తెలుపు. నూతి నుంచి వాకిటికి నీళ్లు మోసి మోసి అలసిపోయాం గాని, అద్దాన్ని ఎప్పటికీ తడిగా ఉంచడం సాధ్యం కాదని ముగ్గురిలో ఎవరమూ పైకి అనలేకపోయాం. అప్పుడు అమ్మ కొబ్బరినూనె గిన్నె తెచ్చింది. జుట్టుకైనా, కాలిన గాయానికైనా, కిర్రుమనే ఉయ్యాలకైనా మా ఇంట్లో అదే మందు. నూనె రాసేసరికి అద్దం కొత్తదానికంటే మెరిసింది. అక్క ముఖం విప్పారింది. సరిగ్గా అప్పుడు నాన్నగారు చేలోంచి వచ్చి, చూపుడు వేలితో అద్దాన్ని ముట్టుకుని, ఆ వేలిని వాసన చూశారు. "బండి పెద్దకాలవ దాకా వెళ్లేసరికి ఊళ్లో దుమ్మంతా దీనికే అంటుకుంటాది. అప్పుడు అల్లుడుగారికి దారి ఎక్కడ కనపడద్దే?" అన్నారు మెల్లగా.

నూనె తుడిచేశాక అసలు స్వరూపం బయటపడింది. అప్పటికి నాయనమ్మకు జరిగిందేమిటో తెలిసింది. వెళ్లి నూతిగట్టు మీద కూర్చుంది. ఆమె చేతులు రెండూ ఒళ్లో ఖాళీగా ఉండడం నేను అంతకుముందు చూడలేదు. నాకు ఆమె మీద జాలి కలిగింది. అంతకంటే ఎక్కువగా నా గురించి నాకు భయం కలిగింది. ఇంత ప్రాణప్రదమైన వస్తువు పాడుచేసిన ఇంట్లో, కాఫీ గ్లాసు చేతపట్టుకుని నా చదువు గురించి బావగారు మాట్లాడతారా? ఆయన మాట్లాడకపోతే నాన్నగారి "చూద్దాం" గడువు దాటిపోయేదాకా నడుస్తుంది. ఆ తరవాత చూడడానికి ఏమీ మిగలదు.

నాన్నగారికి ఒక రేడియో ఉండేది. స్టేషన్ల ముల్లుకు అడ్డంగా ఉండే పలక మసకబారినప్పుడల్లా ఆయన దాన్ని తెల్లని పళ్లపొడితో తుడుచుకునేవారు. ఆ పలకా, ఈ అద్దమూ ఒక్క జాతివే అయి ఉంటాయని ఆయనకు తోచింది. పళ్లపొడి తెచ్చి నీళ్లలో పలచగా కలిపి, అరిగి అరిగి వెన్నలా అయిన తన పాత పంచెను రెండు ముక్కలు చేసి, ఒకటి నాకిచ్చారు. బండికి ముందు పీట వేసుకుని ఆయన బయటి వైపు కూర్చున్నారు. నేను సీటు మీదికి వంగి లోపలి వైపు అందుకున్నాను. ఒకే చోట, ఒకరి చేతికి ఎదురుగా ఒకరం రుద్దడం మొదలుపెట్టాం. నాన్నగారు మాతో ముఖాముఖి కూర్చుని మాట్లాడే అలవాటు లేని మనిషి. ఏ సంగతైనా దూడకు మేత వేస్తూనో, కత్తి నూరుతూనో పక్కకు చూస్తూ చెప్పేవారు. ఆ పూట మా ఇద్దరి మధ్యా మసక అద్దం ఉండడం చేత కాబోలు, నేరుగా నావైపు తిరిగి మాట్లాడారు.

"ఆ హాస్టల్లో గేటు ఎవరేస్తారంట?" అన్నారు.

వార్డెనుగారు ఉంటారని, చీకటిపడకముందే వేస్తారని నాకు తెలిసినంత చెప్పాను. పంచె ముక్క గుండ్రంగా తిరుగుతోంది. కాసేపటికి, వంట ఎవరు చేస్తారని అడిగారు. జ్వరం వస్తే ఎవరు చూస్తారని అడిగారు. దీపం ఎన్నింటిదాకా ఉంచుతారని అడిగారు. పరీక్షలో తెలియనిది వస్తే ఎవరిని అడుగుతావని కూడా అడిగారు. పరీక్షలో అడగకూడదు నాన్నా అంటే, నిజమేనన్నట్టు తల ఊపారు. ఒక్కొక్క ప్రశ్నకూ నేను జవాబు చెబుతూనే ఉన్నాను గాని, పంపడం ఇష్టం లేక వంకలు వెతుకుతున్నారనే అనుకున్నాను.

"ఇక్కడయితే నీకేదన్నా కావలిస్తే నన్నడుగుతావు" అన్నారు చివరికి. "అక్కడ నీకొచ్చే కష్టాలు నాకు అర్థం కూడా కావే సత్యా. నువ్వు చెప్పినా నేనేం చెయ్యాలో తెలీదు."

ఇద్దరం రుద్దుతూ కూర్చున్నాం. అరచేయంత మేర తెలుపు పలచబడింది. అందులోంచి ముందు ఆయన బొటనవేలు, తరవాత మీసం, తరవాత ఒక కన్ను కనిపించాయి. "వస్తందే" అన్నారు. ఆయన అన్నది అద్దం గురించి.

అంతలో మండువాలో మంచం కిర్రుమంది. బావగారు లేచారు. అమ్మ కాఫీ తేవడానికి లోపలికి పరుగెత్తింది. అక్క ఎదురెళ్లి, ఇంకాసేపు పడుకోమని బతిమాలింది. ఆయన సందేహపడి తిన్నగా వాకిట్లోకే వచ్చారు. తన బండి ముందు పీట మీద మామగారు, సీటు మీద వంగి మరదలు, ఇద్దరి చేతులకూ పళ్లపొడి. ఎవరమైనా ఏదైనా చెప్పేలోపు నాయనమ్మ నూతిగట్టు మీది నుంచి లేచి ముందుకు వచ్చింది.

"వాళ్లనేమనకండి అల్లుడుగారూ. తోమింది నేనండి. మురికనుకున్నానండి. పాడైపోయిందండి" అంది. వయసులో అంత పెద్దది అన్ని సార్లు అండీ అనడం విని బావగారు తడబడ్డారు. అద్దం దగ్గరికి వెళ్లారు. జేబురుమాలు తీశారు. అద్దాన్ని కింది నుంచి పైదాకా చూసి, రుమాలు మళ్లీ జేబులో పెట్టేసుకున్నారు. మాట్లాడకుండా వెళ్లి మంచం మీద కూర్చున్నారు. అమ్మ కాఫీ గ్లాసు స్టూలు మీద పెట్టింది; ఆయన ముట్టుకోలేదు. ఆయనకు కోపం వచ్చిందో, ఏడుపు వచ్చిందో మాకెవరికీ తెలియలేదు. గ్లాసు మీద మీగడ కట్టింది.

అల్లుడి మౌనానికి మా వైపు ఒక్కటే అర్థం ఉంది. పెళ్లిలో అలకపాన్పు అని ఒక వేడుక చేస్తారు. పెళ్లికొడుకు అలిగి కూర్చుంటాడు, అత్తవారు ఏం కావాలో అడిగి అలక తీరుస్తారు. బావగారు మొహమాటస్తుడు కావడం వల్ల ఆనాడు ఏమీ అడగలేదు. ఆ సంగతి నాయనమ్మకు జ్ఞాపకం వచ్చింది. ఆమె మంచం ముందు నిలబడి, "అలిగేరు కదండీ. అలగాలండి మరి, న్యాయం. పెళ్లిలో మీరేమీ అడగలేదు, ఆ బాకీ కూడా ఉంది. ఇప్పుడడగండి. ఏదడిగితే అది మా అబ్బాయి ఇస్తాడు" అంది. నాన్నగారు చేతులు తుడుచుకుంటూ వచ్చి పక్కన నిలబడి, "ఆయ్, అడగండి" అన్నారు.

కొత్త అద్దం అడుగుతారని అందరమూ అనుకున్నాం. అడగడం ధర్మం కూడా. భోజనానికి ముందే నా సంగతి ఆయన చెవిన వేసిన అక్క, తలుపు చాటున గాజులు గలగలమనిపించింది. బావగారు ఆ తలుపు వైపూ, నా పళ్లపొడి చేతుల వైపూ చూశారు. ఆయన ముఖం మెల్లగా మారింది.

"అయితే సత్యని అమలాపురం కాలేజీలో చేర్పించండి మావయ్యగారూ" అన్నారు.

నాన్నగారు వెంటనే తల అడ్డంగా ఊపారు. "అది మాత్రం అడక్కండి అల్లుడుగారూ" అన్నారు. అక్క గాజుల చప్పుడు ఆగిపోయింది. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఎంచేతండీ?" అన్నారు బావగారు.

"అది ఇచ్చేసేనండి."

"ఎప్పుడండీ?"

"ఇందాకా. అద్దం తుడిచేటప్పుడు."

"నాతో అననేలేదేంట్రా?" అంది నాయనమ్మ.

"దాంతోనే అనలేదింకా" అన్నారు నాన్నగారు. తరవాత, ఎవరినీ చూడకుండా, అలవాటు ప్రకారం చూరు వైపు చూస్తూ, "మీ అలక తీర్చడానికి ఇచ్చేననిపించుకోనండి. నా కూతురికి నేనిచ్చుకోవాలి. ఎక్కడ పడుకుంటాదో, ఏం తింటాదో అన్నీ అడిగేను. బాగానే చెప్పింది. మీరు ఇంకేదన్నా అడగండి" అన్నారు.

వంకలు అనుకున్న ప్రశ్నలన్నీ ఏమిటో అప్పుడు గాని నాకు తెలియలేదు. నన్ను పంపించాక ఇంట్లో కూర్చుని ఆయన ఊహించుకోవలసినవన్నీ ఆ అద్దం ముందు ఒకటొకటిగా పోగుచేసుకున్నారు. నేను ఏడ్చాను. పళ్లపొడి చేతులతో కళ్లు తుడుచుకోవడం వల్ల ఇంకా ఏడ్చాను. బావగారు కాఫీ అందుకుని, మీగడ పక్కకు తీసి, ఆలోచించి, "అయితే నా బండి జోలికి ఇంకెప్పుడూ రానని మామ్మగారు మాటివ్వాలండి" అన్నారు.

నాయనమ్మ చాలాసేపు ఆలోచించింది. "బురద చూస్తే నా చెయ్యి ఊరుకోదండి. అబద్ధమాడలేను. అది తప్ప ఇంకేదన్నా అడగండి" అంది. ఆ రోజు మొదలైన నవ్వే బావగారికి ఇప్పటికీ ఒక పట్టాన ఆగదు.

మర్నాడే అమలాపురం ప్రయాణం. అక్కా నేనూ నా పెట్టెతో బస్సులో వెళ్లాం. నాన్నగారు బావగారి వెనక బండి మీద వచ్చారు. పొద్దున్న మా ఊరి నుంచి అమలాపురం వెళ్లే వారికి సూర్యుడు ఎదురుగా ఉంటాడు. ఆ వెలుతురు పడగానే నాయనమ్మ చుట్టిన సున్నాలన్నీ ఒక్కసారిగా వెలిగాయట. సూర్యుడికి వెయ్యి గాజులు తొడిగినట్టుందని బావగారు తరవాత వర్ణించారు. మేము బాగుచేసిన అరచేయంత మేరలోంచి చూడాలంటే మెడ పక్కకు వాల్చాలి. అందువల్ల నాన్నగారు ఆయన భుజం మీదుగా తల సాచి, "ఎడం పక్క గేదండి", "ముందు తూము ఉందండి", "సైకిలాయన మనవేపే వస్తన్నాడండి" అని దారి పొడుగునా చెబుతూనే ఉన్నారు. వైనతేయ గోదావరి మీద ఆ దారిలో అప్పటికి వంతెన లేదు. రేవులో బళ్లను దాటించే పంటు మీద వారిద్దరూ మమ్మల్ని కలిసేసరికి నాన్నగారి గొంతు బొంగురుపోయింది. అయినా ఆయన ముఖంలో అంత హుషారు నేను మునుపెన్నడూ చూడలేదు. అల్లుడికి కళ్లు తనేనన్న ధీమా అది.

ఆ అద్దాన్ని బావగారు చాలాకాలం మార్చలేదు. వారానికొకసారి పళ్లపొడితో కొంత కొంత మేర తుడుచుకుంటూ వచ్చారు. మాధవి ఇప్పుడు ఒక్క పూటలో చేసిన పనికి ఆయనకు దాదాపు ఒక ఏడాది పట్టింది. ఆ కాలమే మంచిదని నేను అనను. ముప్పయ్యేళ్లకు పైగా కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరైన దానిని. మసక అద్దం కంటే శుభ్రమైన అద్దమే మేలని నాకు తెలుసు. ఏ వస్తువును ఏ విధంగా తుడవాలో ముందే తెలుసుకునే వీలు ఈ తరానికి ఉంది. పిల్లను కాలేజీకి పంపే తండ్రి ఈనాడు హాస్టలు గదుల ఫొటోలు, భోజనాల వివరాలు ఫోనులోనే చూసుకుంటాడు. అదీ మంచిదే. మా నాన్నగారి చేతిలో అటువంటిదేమీ లేదు. కూతురు చదవబోయే పాఠం పేరైనా ఆయనకు తెలియదు. తనకు తెలిసినవాటిలో ఏది అక్కడ పనికివస్తుందో ఆయనే వెతుక్కోవాలి.

తోవంతా అరిచిన మనిషి, కాలేజీ ఆఫీసులో గుమాస్తా ముందు చేతులు కట్టుకుని నిలబడ్డారు. సంతకం పెట్టమన్నచోట పెట్టారు. అక్కడి నుంచి హాస్టలుకు వెళ్లాం. వార్డెనుగారు నియమాలు చెబుతుంటే ఆయన వింటున్నట్టు కనిపించలేదు. ఆయన చూపు పెరట్లో ఉన్న నూతి మీద ఉంది. సముద్రం పక్క ఊరివాళ్లం మేము. మా నూతి నీళ్లు ఎప్పుడూ కొంచెం ఉప్పనగానే ఉండేవి. ఒక చోటు ఉండదగినదో కాదో చెప్పడానికి నాన్నగారికి ఉన్న కొలబద్ద ఒక్కటే. ఆయన వార్డెనుగారిని అడిగి, చేద వేసి, నీళ్లు తోడి, దోసిట పోసుకుని తాగారు. రెండోసారి ఇంకొంచెం తాగి, నోట్లో నిలిపి, మింగారు. పంచె చెరుగుతో మీసం తుడుచుకుని నా దగ్గరికి వచ్చారు.

"నీళ్లు తియ్యగా ఉన్నాయే. మనవాటికన్నా నయం. ఉండు" అని, వెనక్కి చూడకుండా గేటు వైపు నడిచారు.